ఐదుగురు పిల్లలు, ఆరు రోజులు, రాయలసీమ ఎండ

“మే నెలలో రాయలసీమకా?” బయలుదేరే ముందు ఎవరికి చెప్పినా ఎదురైన ప్రశ్న ఇదే. పిల్లలతో అయితే ఊటీకో కొడైకెనాల్‌కో వెళ్లాలి గానీ, రాళ్లు కాగే కాలంలో గుహలూ కోటలూ ఏమిటని బంధువులు అన్నారు, ఇరుగుపొరుగు అన్నారు, చివరికి మా బావగారు కూడా అన్నారు. మాకు వేరే వీలు లేదు. పిల్లలకు బడి సెలవులు అప్పుడే. అక్కకు బ్యాంకులో వారం రోజులు సెలవు దొరికింది అప్పుడే. అన్నిటికీ మించి, అమ్మ “సరే, వస్తాను” అన్నది అప్పుడే.

నాన్న పోయి రెండేళ్లయింది. ఆయన ఉన్నప్పుడు ప్రతి వేసవిలో మమ్మల్ని ఆర్టీసీ బస్సుల్లో ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్లేవారు. జేబులో చిన్న డైరీ ఉండేది. టికెట్లు, టిఫిన్లు, కొబ్బరికాయ, అరటిపళ్లు, అన్నీ పైసలతో సహా అందులో రాసేవారు. యాగంటికి వెళ్దామని అమ్మకు మాటిచ్చి, ఈ ఏడు కాదు వచ్చే ఏడు అనుకుంటూ, చివరికి వెళ్లకుండానే వెళ్లిపోయారు. ఆ తర్వాత అమ్మ గుమ్మం దాటడమే తగ్గించేసింది. మోకాళ్ల నొప్పులు అనేది. పెళ్లిళ్లకు కూడా రానని మొండికేసేది. యాగంటి మాట ఎత్తగానే మాత్రం కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “పిల్లలు కూడా వస్తారా?” అని అడిగింది. ప్రయాణం అక్కడ ఖాయమైంది.

మొత్తం తొమ్మిది మందిమి. అమ్మ, అక్క, నేను, మా ఆయన, ఐదుగురు పిల్లలు. అక్క కూతురికి పద్నాలుగేళ్లు, మా అబ్బాయికి పదకొండు, అక్క కవలలకు ఎనిమిది, మా అమ్మాయికి ఐదు. రెండు కార్లలో వెళ్దామా, ఒకే బండి మాట్లాడుకుందామా అని చాలా తర్జనభర్జన పడ్డాం. చివరికి పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం. మేము తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికంటే మంచిది అదే. ఒకే బండిలో ఉంటే ఏ బిడ్డ ఏ కారులో ఉందో అన్న గాబరా ఉండదు, తిండి, నీళ్లు ఒకేచోట ఉంటాయి, పెద్దవాళ్లు వంతులవారీగా నిద్రపోవచ్చు. పైగా మా ఆయన స్టీరింగ్ పట్టుకోనవసరం లేకపోవడంతో పిల్లల పని చూసే చేతులు ఇంకో రెండు కలిసివచ్చాయి.

దారి ఇది. హైదరాబాదు నుంచి కర్నూలు, అక్కడి నుంచి యాగంటి, బేలం గుహలు, గండికోట. తర్వాత కదిరి, తిమ్మమ్మ మర్రిమాను, హార్స్‌లీ హిల్స్. వస్తూ లేపాక్షి చూసుకుని ఇల్లు చేరడం. సుమారు 1,300 కిలోమీటర్లు.

ఎండను ఎలా తప్పించుకోవాలో మాకు నేర్పింది డ్రైవరు. ఆయన పాతికేళ్లుగా యాత్రల బండ్లు నడుపుతున్నారు. మొదటి రోజు ఉదయం ఏడింటికి బయలుదేరదామని మేము అంటే ఒప్పుకోలేదు. “తెల్లవారుజామున నాలుగున్నరకు కదలాలమ్మా. పిల్లలు నిద్రలో ఉండగానే సగం దూరం అయిపోవాలి. పదకొండుకల్లా ఎక్కడో ఒకచోట నీడన చేరాలి. మళ్లీ సాయంత్రం నాలుగున్నర దాటాకే బండి తీస్తాను” అన్నారు. ఆరు రోజుల్లో ఈ నియమం పాటించిన రోజులన్నీ హాయిగా గడిచాయి. తప్పిన రోజు ఏమైందో తర్వాత చెప్తాను.

సామాను విషయంలో అక్కకూ నాకూ రెండు రోజులు వాదన జరిగింది. చివరికి ఒక్కో బిడ్డకు ఒక్కో సంచి, అందులో మూడు జతల నూలు బట్టలు, ఒక టోపీ, ఒక తువ్వాలు అని తేల్చాం. రాత్రి ఉతికి ఆరేస్తే ఆ ఎండలకు తెల్లారేసరికి పెళపెళలాడేవి. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, స్టీలు క్యానులో మజ్జిగ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, నిమ్మకాయలు, మరమరాలు, వేరుసెనగ ఉండలు, మొదటి రోజుకు చింతపండు పులిహోర. పెరుగన్నం మాత్రం వద్దన్నది అమ్మ, ఎండకు పులిసిపోతుందని. ఒక ప్లాస్టిక్ బకెట్టు కూడా పెట్టింది. ఎందుకని అడిగితే, “బనగానపల్లె దారిలోనే కదా” అంది. అప్పటికి నాకు అర్థం కాలేదు.

ఇంకొక ఏర్పాటు మా పెద్దమ్మాయిది. పిల్లలందరికీ వయసు వరసన అంకెలు ఇచ్చింది. తను ఒకటి, మా అబ్బాయి రెండు, కవలలు మూడు, నాలుగు, మా చిన్నది ఐదు. బండి ఎక్కగానే ఎవరి అంకె వాళ్లు గట్టిగా చెప్పాలి. ఐదు వినిపిస్తేగానీ బండి కదలదు. చిన్నదానికి తనవల్లనే బండి కదులుతోందన్న గర్వం. ఆ ఒక్క ఏర్పాటుతో మా గుండెల మీద బరువు సగం దిగింది.

మొదటి రోజు జడ్చర్ల దాటాక తెల్లవారింది. బీచుపల్లి వంతెన మీద కృష్ణమ్మ కనిపించగానే అమ్మ కొంగుముడి విప్పి ఐదుగురికీ తలా ఒక రూపాయి బిళ్ల ఇచ్చింది. వంతెన మీద బండి ఆపకూడదు కాబట్టి కిటికీలోంచే విసిరారు. నాన్న కూడా బస్సు కిటికీలోంచి అలాగే వేయించేవారు. అలంపురంలో బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు, జోగులాంబ దర్శనం పదిన్నరకల్లా ముగించాం. అలంపురం గురించి రాయాలంటే అదొక్కటే ఒక పెద్ద వ్యాసం అవుతుంది, ఇక్కడ వదిలేస్తున్నాను. పదకొండున్నరకు కర్నూలులో గదులకు చేరాం. సాయంత్రం కొండారెడ్డి బురుజు. పిల్లలు ఆ రోజు ఒక్కసారి కూడా పేచీ పెట్టలేదు.

రెండో రోజు ఉదయం ఆరున్నరకే యాగంటిలో ఉన్నాం. ఎర్రమల కొండల నడుమ ఉమామహేశ్వరస్వామి ఆలయం. ముందు అగస్త్య పుష్కరిణి. నంది నోటినుంచి పడే నీళ్లు మే నెలలో కూడా చల్లగా ఉన్నాయి. కవలలు అందులోంచి బయటికి రానంటే రానన్నారు. యాగంటిలో కాకులు వాలవని, అగస్త్య మహర్షి శాపమని అమ్మ చెప్పింది. అంతే, ఇద్దరూ ఆకాశం వంక చూస్తూ కాకి కోసం వెతకడం మొదలుపెట్టారు. రెండు గంటలు వెతికారు. ఒక్కటీ కనిపించలేదు. బండి ఎక్కేటప్పుడు వాళ్ల ముఖాల్లో కనిపించిన ఆశ్చర్యాన్ని ఏ బొమ్మల దుకాణమూ ఇవ్వలేదు.

ఇక యాగంటి బసవన్న. ఈ నంది ఏటేటా పెరుగుతున్నాడని, ఒకప్పుడు భక్తులు చుట్టూ ప్రదక్షిణ చేసేవారని, ఇప్పుడు స్తంభాలకు దగ్గరగా వచ్చేయడంతో ఆ వీలు లేదని అక్కడివారు చెప్తారు. కలియుగాంతంలో ఈ బసవన్న లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మంగారి కాలజ్ఞానంలో ఉందంటారు. ఇదంతా విని మా చిన్నది నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “ఇవాళ లేస్తాడా?” అని అడిగింది. లేవడని అమ్మమ్మ హామీ ఇచ్చాకనే నందిని ముట్టుకుంది. తర్వాత ధైర్యం వచ్చి, పెరుగుతూ ఉంటే ఈ మండపం చాలదు కదా, అప్పుడు ఎక్కడ పడుకుంటాడని అడిగింది. ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం.

కొండ గుహలకు మెట్లు నిటారుగా ఉంటాయి. అమ్మ ఎక్కలేకపోతుందనుకున్నాం. ఒక చేత్తో పెద్దమ్మాయి భుజం, మరో చేత్తో గోడ పట్టుకుని, మెట్టుకు ఒకసారి ఆగి, వేంకటేశ్వరుని గుహ దాకా ఎక్కింది. పైన కూర్చుని చాలాసేపు కళ్లు మూసుకుంది. అక్కా నేనూ ఆమెను కదిలించలేదు. దిగాక నన్ను అడిగి ఒక కొత్త పుస్తకం, పెన్ను కొనిపించుకుంది. మొదటి పేజీలో తేదీ వేసి, ‘యాగంటి. కొబ్బరికాయలు, పూలు, హారతి’ అని రాసి, ఎదురుగా లెక్క వేసింది. అచ్చం నాన్న వేసినట్టే.

బనగానపల్లెలో బకెట్టు సంగతి తేలింది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లి మామిడి పేరు పుట్టింది ఈ ఊరి పేరు మీదే. రోడ్డు పక్కన ఒక పెద్దాయన గడ్డి పరిచి పళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మ ముందు తొడిమ దగ్గర వాసన చూసింది. బొటనవేలితో మెల్లగా నొక్కింది. కార్బైడ్ పెట్టి మాగేసిన పండు పైకి ఒకే పసుపు రంగులో మెరుస్తుందట, వాసన మాత్రం ఉండదట. గడ్డిలో మాగిన పండుకు తొడిమ చుట్టూ కాస్త ఆకుపచ్చ మిగిలి ఉంటుంది గానీ, రెండు గజాల దూరానికే ఘుమఘుమలాడుతుంది. ఇరవై పళ్లు ఏరి బకెట్టులో నీళ్లు పోసి వేసింది. మామిడిపండును గంటసేపు నీళ్లలో వేయనిదే పిల్లలకు పెట్టకూడదన్నది ఆమె పట్టుదల, వేడి చేస్తుందని. ఆ గంటా పిల్లలు బకెట్టు చుట్టూ కాపలా కాశారు. తర్వాత చింతచెట్టు కింద పాత పేపరు పరిచి, అమ్మ ఒక్కో పండునూ రెండు వైపులా చెక్కలు కోసి ఇచ్చి, టెంకలు వంతులవారీగా పంచింది. పీచు లేని పండు కాబట్టి టెంక చివరిదాకా నున్నగా వస్తుంది. మా అబ్బాయి మోచేతిదాకా రసం కారించుకుంటూ ఒక్క మాట మాట్లాడకుండా నాలుగు తిన్నాడు. ఇంట్లో పండు ముక్కలు గిన్నెలో పెట్టి ఇస్తే వద్దనే పిల్లవాడు వాడు.

ఎండవేళకు బేలం గుహలు పెట్టుకోవడం కూడా డ్రైవరు సలహాయే. భూమి లోపల ఎండ ఉండదు. అయితే ఒక మాట చెప్పాలి. ఎండ లేదు గానీ ఉక్క విపరీతం. గాలి గొట్టాల ద్వారా లోపలికి గాలి పంపే ఏర్పాటు ఉంది, ఆ గొట్టాల కింద నిలబడితేనే ప్రాణం లేచివస్తుంది. పిల్లల చొక్కాలు పది నిమిషాల్లో తడిసిపోయాయి. లోపలికి వెళ్లే ముందు కడుపునిండా మజ్జిగ తాగించాను, ఒక్కొక్కరికి ఒక్కో నీళ్ల సీసా ఇచ్చాను. అది చాలా అవసరమైంది. గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు, సందర్శకులను అనుమతించేది సుమారు ఒకటిన్నర కిలోమీటరు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆంగ్లేయ భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశారు. దాదాపు వందేళ్ల తర్వాత డేనియల్ గెబౌర్ నాయకత్వంలో ఒక జర్మన్ బృందం వచ్చి లోపలి దారులను కొలిచింది. పర్యాటకులకు తెరిచింది 2002లో. మా అబ్బాయి అడిగిన ప్రశ్నలకు అక్కడి గైడు ఓపిగ్గా ఇవన్నీ చెప్పాడు. లక్షల ఏళ్లపాటు నీళ్లు సున్నపురాయిని ఎలా కరిగించుకుంటూ పోయాయో గోడ మీద అలల గుర్తులు చూపించి వివరించాడు.

పాతాళగంగ దగ్గర కవలల్లో చిన్నవాడు ఆగిపోయాడు. అది గుహలన్నిటిలో లోతైన చోటు, నేలకు సుమారు 150 అడుగుల కింద. దిగే దారి ఇరుకు, పైన రాయి వంగి తలకు తగిలేలా ఉంటుంది. వాడు రెండు మెట్లు దిగి నా చెయ్యి పట్టుకుని, “పిన్నీ, నాకు ఊపిరి ఆడడం లేదు” అన్నాడు. ముఖం పాలిపోయింది. వెనకనుంచి జనం వస్తున్నారు. ధైర్యం చెప్పి తీసుకెళ్లొచ్చేమో, ఏమీ కాదని నచ్చజెప్పొచ్చేమో. నేను ఆ ప్రయత్నమే చేయలేదు. “అమ్మమ్మ పైన ఒక్కతే ఉంది, నువ్వు వెళ్లి తోడు కూర్చుంటావా?” అని అడిగాను. వాడి ముఖంలో వెంటనే కళ వచ్చింది. మా ఆయన వాణ్ణి తీసుకుని వెనక్కి వెళ్లారు. పిల్లలకు భయం వేసినప్పుడు పరువు పోకుండా తప్పుకునే దారి ఒకటి చూపించాలని నేను గట్టిగా నమ్ముతాను. కిందికి దిగిన పెద్దవాడు పైకి వచ్చాక తమ్ముణ్ణి ఒక్క మాట కూడా అనలేదు. దోసిట్లో పట్టి తెచ్చిన పాతాళగంగ నీళ్లు దారిలోనే కారిపోయాయి. తడి చెయ్యి చూపించి, “ఇదిగో, ముట్టుకో” అన్నాడు.

గండికోటకు సూర్యాస్తమయానికి అరగంట ముందు చేరాం. ఎర్రమల కొండలను పెన్నా నది చీల్చుకుని పోయిన గండి అది, పెమ్మసాని నాయకులు ఏలిన కోట. ఎర్రటి రాతి పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు రెండు వైపులా నిటారుగా లేచి ఉంటాయి. అడుగున నీరు. ఫోటోల్లో చూసి వెళ్లే తల్లిదండ్రులు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. మేము నిలబడిన చోట అంచున కంచె గానీ గోడ గానీ లేదు. బండరాళ్ల మీదనుంచి దాటుకుంటూ అంచు దగ్గరికి వెళ్లాలి, కొన్ని రాళ్లు కదులుతాయి. ఐదుగురు పిల్లలతో అక్కడ నిలబడినప్పుడు నా కాళ్లు వణికాయి. జామియా మసీదు దగ్గరే అందరినీ ఆపి, చిన్నవాళ్లు ముగ్గురినీ పెద్దవాళ్లం ముగ్గురం ఒక్కొక్కరిని మణికట్టు దగ్గర పట్టుకున్నాం. మణికట్టే ఎందుకంటే, చెమటపట్టిన అరచేయి జారిపోతుంది. అంచుకు పది అడుగుల ఇవతలే కూర్చోవాలని నియమం పెట్టాం. పెద్దమ్మాయి ఫోనుతో ఫోటో తీస్తానని ఒక అడుగు ముందుకు వేసింది. అమ్మ వెనకనుంచి పేరు పెట్టి పిలిచిన పిలుపుకు అక్కడున్న వేరే వాళ్లు కూడా ఆగిపోయారు. అమ్మాయి ఏమీ అనకుండా వెనక్కి వచ్చి కూర్చుంది.

కూర్చున్నాక మాత్రం, ఆ వెలుగు. రాళ్లు ముందు ఇటుక రంగులో, తర్వాత పండు మిరపకాయ రంగులో, చివరికి వంకాయ రంగులో. ఐదుగురూ పది నిమిషాలు కదలకుండా కూర్చోవడం నేను అప్పుడే చూశాను.

మూడో రోజు మేము తప్పు చేశాం. ఉదయం మాధవరాయస్వామి ఆలయం, ధాన్యాగారం, రంగనాథస్వామి గుడి తీరుబడిగా చూసి, స్నానాలు చేసి, పదకొండున్నరకు బయలుదేరాం. సాయంత్రం దాకా ఆగుదామని డ్రైవరు రెండుసార్లు చెప్పారు. కదిరికి నూట ముప్పై కిలోమీటర్లే కదా, ఏసీ ఉంది కదా అని మేమే తొందరపెట్టాం. ముద్దనూరు దాటిన కాసేపటికి ఏసీ ఆగిపోయింది. బెల్టు తెగింది. కిటికీలు తెరిస్తే వేడి గాలి చెంపల మీద కొట్టింది. పావుగంటలో చిన్నది ఏడుపు ఆపేసింది. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. ఏడ్చే బిడ్డకంటే, ఎండలో ఏడుపు ఆపేసి నీరసంగా వాలిపోయే బిడ్డను చూసి భయపడాలి.

రోడ్డు పక్కన వేపచెట్టు, దాని కింద ఒక ఇల్లు కనిపిస్తే బండి ఆపించాం. ఆ ఇంటామె మమ్మల్ని ఎవరని అడగలేదు, ఎక్కడినుంచని అడగలేదు. చిన్నదాన్ని చూడగానే లోపలికి తీసుకెళ్లి కుండలో నీళ్లతో తువ్వాలు తడిపి మెడకు, చంకలకు, పాదాలకు చుట్టింది. ఓఆర్ఎస్ కలిపి చెంచాతో కొద్దికొద్దిగా తాగించాను. ఒక్కసారిగా తాగిస్తే కక్కుకుంటారు. ముప్పావుగంటకు మూత్రానికి వెళ్లింది, ఆకలి అంది. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఆమె మాకందరికీ రాగి సంగటి, వేరుసెనగ చట్నీ పెట్టింది. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి నెట్టేసింది. మిగిలిన బంగినపల్లి పళ్లు అమ్మ ఆమె ఒడిలో పోసింది. అవి మాత్రం తీసుకుంది. సాయంత్రం దాకా అక్కడే ఆ చెట్టు కింద ఉన్నాం. పులివెందులలో మెకానిక్కు కొత్త బెల్టు వేసేసరికి ఏడు దాటింది. రాత్రికి కదిరి చేరాం.

డ్రైవరు ‘నేను ముందే చెప్పాను కదా’ అనలేదు. మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి తలుపు తట్టి, “అమ్మా, పాప ఎలా ఉంది?” అని అడిగారు. ఆ తర్వాత బండి ఎప్పుడు కదలాలో ఆయన చెప్పిందే వేదం.

తిమ్మమ్మ మర్రిమాను కదిరికి పాతిక కిలోమీటర్ల దూరం. సూర్యుడు పైకి రాకముందే చేరాం. 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన చెట్టు ఇది, కొమ్మల విస్తీర్ణం 19,107 చదరపు మీటర్లు. ఈ అంకె పిల్లలకు చెప్తే ఏమీ అర్థం కాలేదు. “ఇక్కడినుంచి కనిపించేదంతా ఒకే చెట్టు” అని చెప్పగానే మా అబ్బాయి నమ్మలేదు. ఒక ఊడ దగ్గరనుంచి మొదలుపెట్టి, పైన కొమ్మ పట్టుకుని, ఆ కొమ్మ ఎక్కడికి పోతుందో చూస్తూ నడిచాడు. కవలలు వెంటపడ్డారు. వెయ్యికి పైగా ఊడలు. అరగంట తర్వాత తిరిగి వచ్చి, “అమ్మా, అసలు మాను ఏదో తెలియడం లేదు, అన్నీ మానుల్లాగే ఉన్నాయి” అన్నాడు.

చెట్టు కింద చిన్న గుడి ఉంది. 1434లో తిమ్మమ్మ అనే ఆవిడ భర్త చితిమీద సహగమనం చేసిందని, చితికి నాటిన గుంజ చిగిర్చి ఈ మాను అయిందని స్థలపురాణం. సంతానం కోసం దంపతులు వచ్చి మొక్కుకుంటారు. అక్క కథ చెప్తుంటే పెద్దమ్మాయి మధ్యలో ఆపి, “ఆవిడను ఎవరైనా అడిగారా, నీకు ఇష్టమేనా అని?” అంది. అక్క ఇబ్బందిగా అమ్మవైపు చూసింది. అమ్మ కాసేపు ఊడను నిమురుతూ ఉండిపోయింది. “అడిగి ఉండరు. అప్పట్లో అడిగేవాళ్లు కాదు. మీ తాతయ్య పోయినప్పుడు నన్ను అందరూ ఇంట్లోనే ఉండమన్నారు, నాకు కావలసింది ఏమిటని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు” అంది. ఆ మాట మేము ముగ్గురం మొదటిసారి వినడం. పెద్దమ్మాయి అమ్మమ్మ పక్కన కూర్చుని ఆమె చెయ్యి తీసుకుంది. అక్కా నేనూ చిన్నవాళ్లకు టిఫిన్ పెట్టే నెపంతో పక్కకు వెళ్లాం. ఆ రెండేళ్లలో అమ్మను ఆ ప్రశ్న అడగని వాళ్లలో మేమిద్దరం కూడా ఉన్నాం.

మదనపల్లె దాటాక హార్స్‌లీ హిల్స్ ఘాటు. దీని అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ అనే ఆంగ్లేయుడు వేసవి విడిది కట్టుకోవడంతో ఆ పేరు స్థిరపడింది. నాలుగు వేల అడుగులకు పైన ఉంటుంది. మలుపుల్లో కవలలకు వాంతులు మామూలే. ఖాళీ కడుపుతో ఎక్కిస్తే తగ్గుతాయనుకునేదాన్ని. అది పొరపాటు. రెండు ఇడ్లీలు పెట్టి, ముందు సీట్లో కూర్చోబెట్టి, ఫోను లాక్కుని, దూరంగా కనిపించే కొండ కొమ్మువైపు చూస్తూ ఉండమంటే ఇద్దరూ వాంతి లేకుండా ఎక్కారు. పైన చల్లగాలి తగలగానే ఐదుగురూ చెప్పులు విడిచి పరుగెత్తారు. మర్నాడంతా ఏమీ చూడలేదు, ఎక్కడికీ వెళ్లలేదు. అమ్మ నీలగిరి చెట్ల కింద కుర్చీ వేయించుకుని పుస్తకంలో లెక్కలు సరిచేసుకుంది. అందరూ మధ్యాహ్నం నిద్రపోయారు. పిల్లలతో వెళ్లే ప్రయాణంలో ఇలా ఖాళీగా ఒక రోజు ఉంచుకోకపోతే నాలుగో రోజుకు పెద్దవాళ్లే ఒకరిమీద ఒకరు విసుక్కుంటారు.

ఆఖరి రోజు ఎనిమిదింటికల్లా లేపాక్షి. వీరభద్రాలయంలో నేలకు ఆనని స్తంభం కింద పిల్లలు వంతులవారీగా అమ్మమ్మ కండువా దూర్చి అవతలివైపు లాగారు. పైకప్పు మీద విజయనగర కాలపు రంగుల చిత్రాల్లో స్త్రీల చీరల అంచులను అక్క మెడ నొప్పి పుట్టేదాకా చూసింది. అక్కడినుంచి కాస్త దూరంలో ఏకశిలా నంది. ఇరవై ఏడు అడుగుల పొడవు, పదిహేను అడుగుల ఎత్తు. మా చిన్నది చాలాసేపు తల ఎత్తి చూసి, మెల్లగా నా చెవిలో చెప్పింది: “అమ్మా, యాగంటి నంది పెద్దయ్యాక ఇక్కడికే వచ్చి పడుకుంటాడు.” ఐదు రోజులుగా ఆ సంగతే ఆలోచిస్తోందన్నమాట.

అనంతపురంలో మధ్యాహ్నం గదులు తీసుకుని నాలుగున్నర దాకా ఆగాం. కర్నూలులో దోసెలు తిని, రాత్రి పదకొండు దాటాక ఇల్లు చేరాం. బండి దిగేటప్పుడు అంకెలు చెప్పడానికి మెలకువగా ఉన్నది ఒకటి మాత్రమే. మిగిలిన నాలుగు అంకెలనూ భుజాల మీద మోసుకుని దించాం.

మర్నాడు ఉదయం అమ్మ నాకు పుస్తకం ఇచ్చింది, మా ఆయనతో లెక్క సరిచూడమని. డీజిలు, టోలు, గదులు, బెల్టు, మజ్జిగ, మామిడిపళ్లు, దేవుడి హుండీ, అన్నీ ఉన్నాయి. వేపచెట్టు ఇంటి దగ్గర ఎదురుగా అంకె లేదు, ‘తీసుకోలేదు’ అని ఉంది. మొత్తం కింద గీత గీసి, ఇంకో పేజీలో ఇలా రాసి ఉంది:

‘మిగిలినవి: అహోబిలం, ఒంటిమిట్ట, మంత్రాలయం. డిసెంబరులో అయితే మంచిది. ఇదే డ్రైవరు. బకెట్టు అక్కర్లేదు, దుప్పట్లు కావాలి.’